పెద్ద పేరు వచ్చిన మర్నాడు

ప్రొఫెషనల్ రెజ్లింగ్ గురించి రాస్తున్నా అనగానే మీలో సగం మంది నవ్వుతారని తెలుసు. "అదంతా ఫేక్ కదా" అన్న మాట ఒంగోల్లో ఆరో తరగతి చదివేప్పటి నుంచీ వింటున్నా. ఫేకే. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. శ్రీకృష్ణుడి రాయబారం బెడిసికొడుతుందని కూడా అందరికీ ముందే తెలుసు, అయినా మా జిల్లాలో జనం తెల్లవార్లూ కూచుని చూశారు. కాబట్టి ఆ గొడవ పక్కన పెడదాం. నన్ను చాన్నాళ్ళుగా పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. దెబ్బతిన్న కంపెనీ ఒకటి ఎక్కడెక్కడి డబ్బో పోగుచేసి పెద్ద పేరున్న మనిషిని తెచ్చుకుంటే, ఆ కంపెనీ లేస్తుందా?

ఫ్యాన్స్ మధ్య ఎప్పుడూ నలిగే వాదనే ఇది. నాకు మాత్రం ఇంటి వాదన కూడా. మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ, అరిసెలు అయిపోయాక, ఎవరో ఒకరు మా తాతయ్య మాట ఎత్తుతారు. "ఆ కృష్ణుణ్ణి తీసుకురాకపోతే పొలం మిగిలేది." రెండు ప్రశ్నలూ ఒకటేనని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ముందు రెజ్లింగ్ సంగతి. మా తరానికి అది టీవీ కంటే ముందు ట్రంప్ కార్డుల రూపంలో వచ్చింది. లాయర్‌పేటలో మా ఇంటి మెట్ల మీద అన్నయ్యా నేనూ ఆడేవాళ్ళం. ఒక్కో కార్డు మీద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. పెద్ద అంకె చెప్పినవాడు ఎదుటివాడి కార్డు పట్టుకుపోతాడు. ఆటలో ఇంకో రూలు లేదు. నీ చేతిలో మంచి కార్డుంటే మిగతా కార్డులు ఎలా ఉన్నా నువ్వు రాజువే. పెద్దయ్యాక చూస్తే, కోట్ల డాలర్లున్న కంపెనీ యజమానులు కూడా సరిగ్గా ఇలాగే ఆడారు.

డబ్ల్యూసీడబ్ల్యూ సంగతే తీసుకోండి. అమెరికాలో టెడ్ టర్నర్ కంపెనీ. 1994లో హల్క్ హోగన్‌ని తెచ్చుకుంది. ఎదుటి కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ని ఇంటింటికీ చేర్చిన మొహం అది. మొదటి రెండేళ్ళు పాత హోగనే, పాత డైలాగులే. 1996 జులైలో అతన్ని విలన్‌గా మార్చారు. అప్పుడు పేలింది. ఆ తర్వాత 80 వారాలకు పైగా వరసగా సోమవారం రాత్రి టీవీ పోటీలో డబ్ల్యూసీడబ్ల్యూదే పైచేయి. కాబట్టి స్టార్లని తెస్తే లాభం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కానీ ఆ కథ అక్కడితో అయిపోలేదు. 1997లో ఆ కంపెనీకి సొంత మనిషి ఒకడు దొరికాడు. గోల్డ్‌బర్గ్. అట్లాంటాలో ఫుట్‌బాల్ ఆడి, దెబ్బలు తగిలి, కంపెనీ సొంత శిక్షణ కేంద్రంలోనే రెజ్లింగ్ నేర్చుకున్నవాడు. 1998 జులై 6న అదే అట్లాంటాలో, జార్జియా డోమ్‌లో, దాదాపు 40 వేల మంది ముందు హోగన్ అతని చేతిలో ఓడిపోయాడు. స్టార్‌ని తెచ్చుకోవడం అంటే ఏంటో తెలియాలంటే ఆ రాత్రి చూడాలి. హోగన్ 15 ఏళ్ళు కూడబెట్టుకున్న పేరు పది నిమిషాల్లో ఇంకొకడి ఖాతాలోకి బదిలీ అయింది. రెజ్లింగ్‌లో స్టార్ చెయ్యగల అతి ఖరీదైన పని ఓడిపోవడం.

ఆర్నెల్లు తిరక్కుండానే ఆ బదిలీని వెనక్కి లాగేశారు. డిసెంబర్లో గోల్డ్‌బర్గ్ కెవిన్ నాష్‌కి ఓడిపోయాడు. 1999 జనవరి 4న, అదే జార్జియా డోమ్‌లో, హోగన్ వేలితో నాష్ గుండె మీద అలా తాకాడు, నాష్ వెల్లకిలా పడ్డాడు, బెల్టు మళ్ళీ హోగన్‌దే. పాత స్టార్లు బెల్టుని తమలో తామే తిప్పుకోవడం అన్నమాట. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూని ఎదుటి కంపెనీయే కొనేసింది. కారణాలు చాలా ఉన్నాయి, టర్నర్ కంపెనీ చేతులు మారడం అందులో పెద్దది. అయినా పైనున్నవాళ్ళు కిందికి దిగకపోతే కిందివాళ్ళు పైకి ఎలా వస్తారన్న ప్రశ్నకి మాత్రం ఆ కంపెనీ చివరిదాకా జవాబు చెప్పలేదు.

అదే హోగన్ 2010లో టీఎన్ఏకి వచ్చాడు. జనవరి 4, సోమవారం. టీఎన్ఏ సాహసం చేసి డబ్ల్యూడబ్ల్యూఈ రా ప్రోగ్రాం ఉన్న రాత్రే తన షో పెట్టింది. సుమారు 22 లక్షల మంది చూశారు. రాకి చాలా దూరంలోనే ఆగింది గానీ, టీఎన్ఏకి అప్పట్లో అది పండగే. ఆ ఒక్క రాత్రి అంకె చూసి, మార్చి నుంచి షోని సోమవారానికే మార్చేశారు. జనం రాలేదు. మే నెలకల్లా మళ్ళీ గురువారానికి తిరిగొచ్చారు. ఒక రాత్రి వచ్చిన జనాన్ని తమ జనం అనుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా తాతయ్య దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

అదే టీఎన్ఏ మన దేశంలోనూ ఒక ప్రయత్నం చేసింది. 2012లో కలర్స్ ఛానెల్లో 'రింగ్ కా కింగ్'. పుణేలో తీశారు. బ్రాండ్ అంబాసిడర్ హర్భజన్ సింగ్, రింగులోకి స్కాట్ స్టైనర్ లాంటి పాత పేర్లు. ఒక సీజన్‌తో ఆగిపోయింది. అయినా అందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆ సీజన్లో బెల్టు చివరికి మహాబలి వీర అనే పంజాబీ కుర్రాడి నడుముకి చేరింది. ఆ అబ్బాయే తర్వాత మహాబలి షేరా పేరుతో అమెరికాలో టీఎన్ఏలో ఆడాడు. కంపెనీ పోయినా ఒక మనిషి మిగిలాడు.

హైదరాబాద్‌లో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. 2023 సెప్టెంబర్ 8, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం, డబ్ల్యూడబ్ల్యూఈ 'సూపర్‌స్టార్ స్పెక్టకిల్'. జాన్ సీనా మన దేశంలో మ్యాచ్ ఆడటం అదే మొదటిసారి. డబ్ల్యూడబ్ల్యూఈ దెబ్బతిన్న కంపెనీ కాదు, నిజమే. కానీ ఇక్కడ మార్కెట్ పెంచుకోవాలని వాళ్ళు ఎన్నాళ్ళుగానో తంటాలు పడుతున్నారు. ఆ రాత్రి సీనా గెలిచాడు, అందరం గొంతులు పోయేలా అరిచాం. మరి అదే రాత్రి మన దేశం వాళ్ళ సంగతి? షాంకీ గుంథర్ చేతిలో ఓడిపోయాడు. వీర్, సాంగా జోడీ ట్యాగ్ టైటిల్ మ్యాచ్‌లో ఓడిపోయింది. రెండు వారాలు తిరక్కుండానే షాంకీని కంపెనీ వదిలేసింది. 2024 ఏప్రిల్‌లో వీర్, సాంగా, వాళ్ళతో పాటు జిందర్ మహల్. సీనా తెచ్చిన జనం సీనాతోనే విమానం ఎక్కి వెళ్ళిపోయారు. ఆ రాత్రి స్టేడియం బయటికొచ్చిన పిల్లల్లో షాంకీ పేరు ఎంతమందికి గుర్తుందో మీరే ఊహించుకోండి.

"కుస్తీలో అంతా రాసుకున్నదే కాబట్టి అలా జరిగింది, నిజం ఆటలో స్టార్ స్టారే" అంటాడు అన్నయ్య. వాడు కబడ్డీ మనిషి. సరే, కబడ్డీనే చూద్దాం. ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్ తొమ్మిదో సీజన్లో 22 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచింది. అట్టడుగు. తర్వాతి సీజన్‌కి వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నారు. అప్పటికి లీగ్ చరిత్రలోనే అది అతి పెద్ద ధర. పవన్ తన పని తను చేశాడు, రైడర్ల పట్టికలో పైవరసలోనే ఉన్నాడు. టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో ఎన్ని గెలిచింది? 2. మళ్ళీ అట్టడుగు.

దీనికి ముందు ఏడాది జరిగింది ఇంకా వింత. అప్పుడు పవన్‌ని 2 కోట్ల 26 లక్షలకు తమిళ్ తలైవాస్ కొంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. తలైవాస్ పని అయిపోయింది అనుకున్నారంతా. ఆ సీజన్లోనే వాళ్ళు మొదటిసారి సెమీఫైనల్‌కి వెళ్ళారు. పవన్ లేని ఖాళీలోకి నరేందర్ అనే కొత్త కుర్రాడు వచ్చి 200 దాటి రైడ్ పాయింట్లు తెచ్చాడు. పవన్ తక్కువవాడని కాదు, ఆ మాట అంటే అన్నయ్య నన్ను ఇంట్లోకి రానివ్వడు. స్టార్ ఉన్న జట్టులో బంతంతా, భారమంతా అతని మీదకే పోతుంది. పక్కవాడు చూస్తూ నిలబడటానికి అలవాటు పడతాడు.

ఇంత దూరం వచ్చాక ఇక మా ఊరు వెళ్ళక తప్పదు.

మా తాతయ్యది ఒంగోలుకి పదిహేను కిలోమీటర్ల అవతల ఒక పల్లె. పొగాకు, మిరప. పొగాకు అమ్మిన డబ్బు చేతిలో ఆడినన్నాళ్ళూ ఆయన ఊళ్ళో ఒక నాటక సమాజం నడిపాడు. సమాజం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక హార్మోనియం, బాడుగ డ్రస్సులు, పదిమంది రైతులు, ఒక టైలరు, ఒక పోస్టుమాను. టైలరు కృష్ణుడు. 'పాండవోద్యోగం', 'గయోపాఖ్యానం', 'సత్య హరిశ్చంద్ర'. బాగున్న పద్యానికి "వన్స్ మోర్" అంటే మళ్ళీ పాడేవాళ్ళు, యుద్ధం ఆగినా సరే.

70లు వచ్చేసరికి టూరింగ్ టాకీసు సమాజాన్ని తినేసింది. అప్పటికి మన వైపు నాటకం తీరే మారిపోయింది. కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. ఒక కాంట్రాక్టరు తలా ఒక ఊరి నుంచి పెద్ద పేర్లని ఒక్క రాత్రికి కుదిర్చేవాడు. రిహార్సల్ ఉండదు, అందరికీ పద్యాలు కంఠతా వచ్చు కాబట్టి నేరుగా స్టేజీ మీదే కలుసుకుంటారు. ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులు, ముగ్గురు అర్జునులు. కరపత్రం మీద 'కృష్ణుడు-1', 'కృష్ణుడు-2' అని అచ్చేసేవాళ్ళు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి కృష్ణులు, డి.వి. సుబ్బారావు లాంటి హరిశ్చంద్రుడు ఉన్న రోజులు. ఆ గొంతుల కోసం జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళంటే ఆశ్చర్యం లేదు. ఇప్పటి వాళ్ళకి చెప్పాలంటే, అది మన పే-పర్-వ్యూ.

తాతయ్య కూడా అదే చేశాడు. సమాజాన్ని నిలబెట్టాలని ఒక కాంట్రాక్టరుతో మాట్లాడి పెద్ద కృష్ణుణ్ణి పిలిపించాడు. ఆయన పేరు చెప్పను. ఆయన తప్పేం లేదు, వచ్చాడు, గొప్పగా పాడాడు, ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళాడు. ఇంట్లో వాళ్ళ లెక్కలో మాత్రం మా పొలం మింగిన కృష్ణుడు ఆయనే.

నాయనమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టెలో తాతయ్య చిట్టా పుస్తకం దొరికింది. ఆ రాత్రి పేజీ ఉంది. కృష్ణుడు-1, 600. కృష్ణుడు-2, 450. దుర్యోధనుడు, కర్ణుడు, హార్మోనీ, మైకు, తడికెల బాడుగ, కారు. అన్నిటికన్నా కింద 'మన వాళ్ళకి కాఫీ, 14'. మొత్తం ఖర్చు 2,640. గేటు 3,115.

అంటే ఆ రాత్రి లాభం వచ్చింది! 475 రూపాయలు. ఇన్నేళ్ళూ ఇంట్లో చెప్పుకున్నది అబద్ధం. నాకెంత సంతోషమేసిందంటే వెంటనే నాన్నకి ఫోన్ చేసి చదివి వినిపించా. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పేజీ తిప్పమ్మా" అన్నాడు.

తిప్పా. ఆ వారంలోనే సొంత తెరలు రాయించడానికి అడ్వాన్సు. కిరీటాలు, భుజకీర్తులు, సొంత డ్రస్సులు. ఇంకో హార్మోనియం. తరువాతి పేజీలో యాభై సెంట్లు అమ్మిన డబ్బు జమ. నెల తర్వాత సమాజం సొంతంగా వేసిన నాటకం, గేటు 212. ఆ తర్వాత పేజీలన్నీ మిరప లెక్కలే. టీఎన్ఏ వాళ్ళకి మా తాతయ్య ఎవరో తెలియదు గానీ, ఒక రాత్రి జనాన్ని చూసి షోని సోమవారానికి మార్చింది ముందు మా తాతయ్యే.

అయినా నాకు మిగిలిన ప్రశ్న, ఆ 212 ఏంటి అన్నది. 3,115 ఇచ్చిన ఊళ్ళే కదా, నెలలో ఏం మారింది?

టైలరు తాత అప్పటికి బతికే ఉన్నాడు. ఊరెళ్ళినప్పుడు ఆయన అరుగు మీద కూచుని అడిగా. పెద్ద కృష్ణుడు వచ్చిన రాత్రి నువ్వేం వేశావు తాతా అని.

"నేనేడ ఏసేది? తెర తాడు పట్టుకున్నా."

నాకు మాట రాలేదు. ఆయనే చెప్పుకుపోయాడు. తాతయ్య ముందు ఒక షరతు అడిగాడట: కృష్ణుడు-1 మీ ఆయన, కృష్ణుడు-2 మా టైలరు. కాంట్రాక్టరు వినలేదు. రెండూ పెద్ద పేర్లయితేనే గేటు నిండేది, పల్లెటూరి కృష్ణుడైతే నేను రాను అన్నాడు. తాతయ్య సరే అన్నాడు. నెల తర్వాత సొంత నాటకంలో టైలరు తాతే మళ్ళీ కృష్ణుడు.

"మొదటి పద్యం ఎత్తుకున్నానో లేదో, వెనక నించి ఎవడో ఆ పెద్దాయన పేరు పెట్టి అరిచాడు. నవ్వారు జనం. పాడలేక కాదమ్మా మానేసింది. నేను నోరు తెరిస్తే వాళ్ళు ఆయన్నే వింటన్నారు. ఇంకేం పాడేది?"

మా కుటుంబానికి పోయింది యాభై సెంట్లు. టైలరు తాతకి పోయింది అంతకంటే పెద్దది, దానికి ఏ పుస్తకంలోనూ పద్దు లేదు. ఆ రాత్రికి ముందు ఊరికి ఒక కృష్ణుడున్నాడు. ఆ రాత్రి తర్వాత ఆయన కృష్ణుడి బట్టలేసుకున్న టైలరు.

మరి తాతయ్య స్టార్‌ని తేకుండా ఉండాల్సిందా? నేనలా అనుకోను. తేకపోయినా ఆ సమాజం టూరింగ్ టాకీసు ముందు నిలిచేది కాదేమో. తెచ్చినందుకు కాదు, ఆ షరతు వదులుకున్నందుకు నాకు బాధ. ఇద్దరు కృష్ణుల పద్ధతి నిజానికి ఎంత మంచి అవకాశం! సగం రాయబారం పెద్దాయన నడిపి, మిగతా సగం టైలరు తాత చేతికి ఇచ్చి ఉంటే? అన్ని ఊళ్ళ జనం చూస్తుండగా, ఆ పెద్ద గొంతు ఆగిన చోట ఈయన గొంతు మొదలై ఉంటే? బాగోకపోయి ఉండొచ్చు కూడా. కానీ నెల తర్వాత వచ్చినవాళ్ళు ఆయన్ని ఆయనగా విని ఉండేవాళ్ళు.

ఇదేం జరగని పని కాదు. మా పక్కనే బాపట్లలో స్థానం నరసింహారావు మొదటిసారి చంద్రమతి వేసింది, ఆ వేషం కట్టాల్సిన నటుడు రాకపోవడం వల్లే. పేరున్నవాడి ఖాళీలోంచి తెలుగు నాటకానికి ఒక సత్యభామ దొరికింది. 1885 నుంచీ నడుస్తున్న సురభి వాళ్ళ పద్ధతి చూడండి. ఇంట్లో పుట్టిన పిల్లలు ప్రహ్లాదుడితో మొదలుపెట్టి, పెద్ద వేషాల దాకా అదే స్టేజీ మీద ఎదుగుతారు. వాళ్ళకీ 90ల్లో బయటి నుంచి పెద్ద పేరు వచ్చింది, బి.వి. కారంత్. ఆయన వాళ్ళ ముందు నిలబడలేదు. వాళ్ళతో కూచుని, వాళ్ళ చేతే కొత్త నాటకాలు వేయించాడు.

రెజ్లింగ్‌లో కూడా అలాంటివి ఉన్నాయి. ఏఈడబ్ల్యూ 2019లో మొదలైన కంపెనీ. 2021 ఆగస్టులో, ఏడేళ్ళు రింగుకి దూరంగా ఉన్న సీఎం పంక్‌ని షికాగోలో దింపింది. ఆ రాత్రి జనం అరుపులు ఇప్పటికీ యూట్యూబులో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఆర్నెల్లకి, అదే పంక్ సొంత ఊరు షికాగోలో, ఎంజేఎఫ్ అనే పాతికేళ్ళ కుర్రాడి చేతిలో ఓడిపోయాడు. పంక్ తర్వాత గొడవలు పడి 2023 సెప్టెంబర్లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కానీ అప్పటికి ఎంజేఎఫ్ కంపెనీ ఛాంపియన్. పంక్ వెళ్ళినా, పంక్ తెచ్చిన జనంలో కొంతమంది ఉండిపోవడానికి ఒక మొహం మిగిలింది.

తెలుగు టైటాన్స్ కూడా మెల్లగా అదే నేర్చుకున్నట్టుంది. పవన్‌తోనే ఉన్న రెండో ఏడాది, చుట్టూ జట్టు కుదిరాక, 2 గెలుపులు 12 అయ్యాయి. ఆ తర్వాతి ఏడాది పవన్ వెళ్ళిపోయాడు, విజయ్ మలిక్ కెప్టెన్‌గా ప్లేఆఫ్స్‌కి చేరారు. అన్నయ్య ఇది కూడా తన వాదనకే సాక్ష్యం అంటాడు. అననివ్వండి.

ఇప్పుడు నా ఫోన్లో ఫలానా కంపెనీ ఫలానా స్టార్‌ని తీసుకుందని వార్త వస్తే, జీతం ఎంత, టికెట్లు ఎన్ని అమ్ముడయ్యాయి అని చూడటం మానేశా. అవి ట్రంప్ కార్డు మీది అంకెలు. ఒక్కటే చూస్తా, ఈ మనిషి ఎవరికి ఓడిపోవడానికి వస్తున్నాడు? ఆ పేరు ఎక్కడా కనపడకపోతే, ఆ కంపెనీలో ఇప్పటికే తెర తాడు పట్టుకున్నవాడు ఎవరో ఉంటాడు. నేను అతని కోసం వెతుకుతా.